పెట్ట గుడ్డు పెట్టలేక ముక్కుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. పెరట్లో ఏడు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. వాటిలో ఏడాదిన్నర వయసున్న గ్రామప్రియ రకం పెట్ట ఒకటి నిన్న ఉదయం నుంచి మేత ముట్టడం లేదు. తోక వాల్చి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతోంది. గూట్లోకి వెళ్లి కూర్చుని, ముక్కి, ఏమీ పెట్టకుండానే బయటికి వస్తోంది. పోయిన వారం రెండుసార్లు గట్టి పెంకు లేని తోలు గుడ్లు పెట్టింది. గుడ్డు అడ్డం పడిందని, ఆముదం రాసి లోపలే చిదిపేస్తే బయటికి వచ్చేస్తుందని పక్కింటివారు అంటున్నారు. నిరుడు ఇలాగే ఇంకో పెట్టకు వెనక ఎర్రటి కండ బయటికి వస్తే మిగతా కోళ్లు పొడిచి చంపేశాయి. నూకలు, తవుడు, మిగిలిన అన్నం మేతగా వేస్తాం. పిల్లులు, ముంగిసల భయంతో గూటి దగ్గర రాత్రంతా బల్బు వెలుగుతుంది. ఈ పెట్టను దక్కించుకునే దారి చెప్పండి.

సమాధానం: అమ్మా, గుడ్డును మాత్రం లోపల చిదపవద్దు. ఈ ఒక్క మాట వెంటనే మీ ఇంట్లో అందరికీ చెప్పండి, మిగతాది ఆ తర్వాత నిదానంగా చదవవచ్చు. చిదిమిన పెంకు ముక్కలు అండవాహిక, అంటే గుడ్డు తయారై బయటికి వచ్చే గొట్టం, లోపలి పొరను బ్లేడుల్లా కోస్తాయి. కారిన పచ్చసొన, తెల్లసొన ఆ గాయాల మీదే నిలిచి సూక్ష్మజీవులకు మేత అవుతాయి. పశువైద్యుడిగా నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒక ఇంట్లో అలా చిదిమిన పెట్టను నా దగ్గరికి తెచ్చారు. గుడ్డు పోయింది కదా, ఇక బతుకుతుందని నేనూ అనుకున్నాను. మూడో రోజుకు అది చనిపోయింది. కోసి చూస్తే అండవాహిక గోడలో పెంకు ముక్క ఒకటి గుచ్చుకుని ఉంది, దాని చుట్టూ చీము పట్టింది. అడ్డం పడిన గుడ్డుతో వచ్చే పెట్టల్లో చాలావాటిని బతికించవచ్చు. లోపల చితికిన గుడ్డుతో వచ్చినవాటిని బతికించడం నాకు చాలా కష్టమైంది.

మీ ఉత్తరంలో నన్ను తొందరపెట్టేది "నిన్న ఉదయం నుంచి" అన్న మాట. పచ్చసొన అండాశయం నుంచి విడివడిన దగ్గర నుంచి పెంకుతో బయటికి రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టే గదిలోనే గడుస్తాయి. ఆ పని ముగిశాక గుడ్డు కొద్ది నిమిషాల్లో బయటపడాలి. అది దారిలో నిలిచిపోతే పక్కనే ఉన్న పేగునూ మూత్రనాళాలనూ నొక్కుతుంది, రెట్ట ఆగుతుంది, కాళ్లకు వెళ్లే నరాలు నలిగి పెట్ట కుంటుతుంది. ఇలా రెండు రోజులు గడిచిన పెట్ట బతకడం కష్టం. మీ పెట్టకు ఒక రోజు అప్పుడే గడిచిపోయింది. కాబట్టి ఇంట్లో చేయగలిగిన ప్రయత్నం ఒక పూటకు మించి సాగకూడదు.

మొదట, లోపల నిజంగా గుడ్డు ఉందో లేదో తెలుసుకోవాలి. పొదుగుకు వచ్చిన పెట్ట కూడా గూడు వదలదు, మేత తగ్గిస్తుంది. కానీ అది చేయి పెడితే ఈకలు రేపి కొక్కొక్కొమంటూ పొడవడానికి వస్తుంది, రోజుకు ఒకసారి లేచి పెద్ద రెట్ట వేస్తుంది, ముక్కదు. మీరు చెప్పినట్లు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, మాటిమాటికీ గూట్లోకి వెళ్లి రావడం పొదుగు లక్షణం కాదు. అయినా చేత్తో చూడాల్సిందే. ఎందుకంటే అడ్డం పడిన గుడ్డుకూ, పచ్చసొన కడుపులో పడి వచ్చే జబ్బుకూ పెట్ట నిలబడే తీరు ఒకేలా ఉంటుంది, వైద్యం మాత్రం ఒకటి కాదు.

పెట్టను మీ ఎడమ చంకలో, తల వెనక్కి, తోక ముందుకు వచ్చేలా ఇమిడ్చి పట్టుకోండి. రెక్కలు మీ ఒంటికి ఆనుకుని ఉంటే అది పెనుగులాడదు. రొమ్ము ఎముక చివరకూ రెట్ట ద్వారానికీ మధ్య ఉండే మెత్తటి భాగాన్ని కుడి అరచేత్తో కింది నుంచి తేలికగా మోసినట్లు పట్టి చూడండి. గట్టిగా, కోలగా, కదిలీ కదలనట్లు గుడ్డు తగిలితే అది అడ్డం పడినట్లే. ఏమీ తగలకపోతే చేతులు సబ్బుతో కడిగి, గోరు కత్తిరించిన చూపుడు వేలికి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ నూనె గానీ శుభ్రమైన కొబ్బరినూనె గానీ రాసి, రెట్ట ద్వారంలోకి నెమ్మదిగా, రెండు కణుపుల మేరకు మాత్రమే పోనివ్వండి. కోడికి పనిచేసే అండవాహిక ఎడమ వైపునే ఉంటుంది కాబట్టి గుడ్డు ఉంటే ఆ వైపే వేలికి తగులుతుంది. గట్టి పెంకు నున్నగా, గోళీలా తెలుస్తుంది. తోలు గుడ్డయితే నీళ్లు నింపిన బెలూనులా జారిపోతుంది. మీ పెట్ట పోయిన వారమే రెండు తోలు గుడ్లు పెట్టింది కాబట్టి ఈసారి అడ్డం పడినదీ తోలు గుడ్డే కావచ్చు. అది గట్టి గుడ్డు కంటే మొండిది. అండవాహిక కండరాలు వెనక నుంచి నొక్కి నెట్టడానికి దానికి గట్టి ఒళ్లు ఉండదు.

గుడ్డు తగిలితే ఇలా చేయండి. ఒక వెడల్పాటి గిన్నెలో మోచేయి పెడితే హాయిగా అనిపించేంత వెచ్చటి నీళ్లు, అంటే 38 నుంచి 40 డిగ్రీల వేడి ఉన్నవి, పెట్ట పొట్ట మునిగేంత పోయండి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల చుట్టూ ఉంటుంది కాబట్టి ఈ నీళ్లు దానికి కాలవు. పెట్టను అందులో కూర్చోబెట్టి, రెక్కల మీద చేతులు ఆనించి, 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. మొదట గింజుకుంటుంది, నాలుగైదు నిమిషాలకు కళ్లు అరమూతలు పెడుతుంది. కండరాలు సడలుతున్నాయనడానికి అదే గుర్తు. మెడ వేలాడేస్తే మాత్రం వెంటనే బయటికి తీయండి. తర్వాత పాత తువ్వాలుతో ఒత్తి తుడిచి, రెట్ట ద్వారం లోపలి అంచున పారాఫిన్ రాసి, మసక వెలుతురున్న చోట గడ్డి పరిచిన బుట్టలో ఒంటరిగా వదిలేయండి. గంటసేపు ఎవరూ బుట్ట ఎత్తి చూడకూడదు. గుడ్డు పెట్టడానికి పెట్టకు చాటు కావాలి, భయపడితే వచ్చే గుడ్డూ ఆగిపోతుంది.

ఇలాంటి పెట్టను బల్బు కింద వెచ్చగా ఉంచమని చాలాచోట్ల రాస్తారు. అది చలిదేశాలకు సరిపోయే సలహా. రోహిణి కార్తె ఎండల్లో మన ఇంటి నీడే 40 డిగ్రీలు దాటుతుంది. నోరు తెరిచి రొప్పే పెట్టకు ఇంకా వేడి పెడితే గుడ్డు కంటే ముందు ఎండదెబ్బే దాన్ని తీసుకుపోతుంది. ఇలాంటి ఎండల రోజుల్లో వెచ్చటి నీళ్ల స్నానం తెల్లవారుజామునో, పొద్దు వాలాకో చేయించి, ఆ తర్వాత గాలి ఆడే చల్లటి నీడలో ఉంచండి.

స్నానంతో పాటు కాల్షియం ఇవ్వాలి. గుడ్డును బయటికి నెట్టే కండరం ముడుచుకోవడానికి కాల్షియమే కావాలి. రక్తంలో అది తరిగిపోతే పెట్ట ఎంత ముక్కినా కండరం కదలదు. మందుల షాపులో దొరికే, 500 మిల్లీగ్రాముల కాల్షియంతో పాటు విటమిన్ డి3 కలిసిన మాత్రను సగం చేసి, మెత్తగా నూరి, తడి అన్నం ముద్దలో కలిపి చిన్న ముక్కలుగా ముక్కుకు అందించండి. మింగే ఓపిక లేకపోతే బలవంతంగా నీళ్లలో కలిపి గొంతులో పోయకండి. కోడికి శ్వాసనాళం నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది, పోసిన మందు ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడికక్కడే చనిపోవచ్చు. తాంబూలం సున్నం కూడా కాల్షియమే కదా అని కొందరు మేతలో కలుపుతారు. తడి సున్నం నోటినీ మేత సంచినీ కాలుస్తుంది, దాని జోలికి పోవద్దు.

స్నానం రెండోసారి చేయించాక కూడా, అంటే మొదలుపెట్టిన ఐదారు గంటల్లో, గుడ్డు రాకపోతే పశువైద్యశాలకు తీసుకువెళ్లండి. రెట్ట పూర్తిగా ఆగిపోయినా, కాళ్లు చచ్చుబడినా, తురాయి నీలంగా మారినా, రక్తం కనిపించినా ఆ ఐదారు గంటలు కూడా ఆగవద్దు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువైద్య సేవల సిబ్బంది పలుకుతారు, దగ్గరలో ఎవరున్నారో వారిని అడగవచ్చు. ఎక్స్-రే అవసరమైతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి మీ జిల్లాకు అందుబాటులోనే ఉంది. కోడికి కూడా ఆసుపత్రా అని దారిలో ఎవరైనా నవ్వవచ్చు. మీరు పట్టించుకోకండి. ప్రాణం నొప్పితో ఉన్నప్పుడు అది ఎంత చిన్న ప్రాణమన్న లెక్క పనికిరాదు.

డాక్టరు సాధారణంగా కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. దారి సడలి ఉందని నిర్ధారించుకున్నాకే అండవాహిక కండరం ముడుచుకునేలా చేసే మందు వాడతారు. అది ఆక్సిటోసినే కదా, గేదెలు పాలు చేపడానికి దొంగచాటుగా అమ్మే సీసా మా ఊళ్లోనే దొరుకుతుంది కదా అని ఎవరైనా ఇంట్లో పొడిస్తే ఘోరం జరుగుతుంది. దారి మూసుకుని ఉండగా కండరం బిగిస్తే అండవాహిక చిరిగిపోతుంది. ఆ సీసాలో మందు ఎంత గాఢంగా ఉందో అమ్మేవాడికీ తెలియదు. ఇక ఏ మందూ పని చేయనప్పుడు, గుడ్డు ద్వారం దగ్గర కంటికి కనిపిస్తుంటే, డాక్టరు సూదితో పెంకుకు చిన్న రంధ్రం చేసి లోపలి సొనను సిరంజిలోకి లాగి, ఖాళీ అయిన పెంకును కుదించి, ముక్కలను పట్టకారుతో ఒక్కొక్కటే తీస్తారు. డాక్టరూ గుడ్డు పగలగొట్టారు కదా అని దీన్ని చూసి అనుకోవద్దు. సొన లోపల కారకుండా, ముక్క లోపల మిగలకుండా చేయడంలోనే ఆ పని అంతా ఉంది.

చేతికి గుడ్డు తగలకుండా పొట్ట మాత్రం నీళ్ల సంచిలా వేలాడుతూ, పెట్ట బాతులా నడుస్తూ, వారాలుగా గుడ్లు మానేసి చిక్కిపోతూ ఉంటే అది వేరే జబ్బు. అండాశయం విడిచిన పచ్చసొనను అండవాహిక నోరు అందుకోలేకపోతే అది కడుపులో పడుతుంది. ఎప్పుడో ఒకసారి పడితే ఒళ్లు దాన్ని పీల్చేసుకుంటుంది. రోజూ పడుతూ ఉంటే అక్కడ ఈ-కోలై వంటి సూక్ష్మజీవులు పెరిగి కడుపు లోపలి పొర అంతా వాస్తుంది. వెచ్చటి నీళ్లు దీనికి పని చేయవు. డాక్టరు సూదితో నీరు తీస్తే పెట్టకు ఊపిరి ఆడుతుంది, యాంటీబయాటిక్ పడితే కొంతకాలం తేరుకుంటుంది. అయితే అది మళ్లీ గుడ్లకు రాగానే జబ్బు తిరగబెట్టడమే ఎక్కువ. ఈ దశలో పెట్టను ఇంకా బాధపెట్టాలా, నొప్పి లేకుండా ముగించమని డాక్టరును అడగాలా అన్నది ఇంటివారే నిర్ణయించుకోవాలి. నేనైతే రెండోసారి పొట్ట నిండిన పెట్టను మూడోసారి దాకా ఈడ్వను. అలాంటి దాన్ని కూరకు మాత్రం కోయకండి.

మందుల షాపులో "కోళ్ల పొడి" అని ఇచ్చే యాంటీబయాటిక్‌ను సొంతంగా వాడవద్దని కూడా చెప్పాలి. అడ్డం పడిన గుడ్డును యాంటీబయాటిక్ కదిలించలేదు. ఈ మందులను పశువులకు, కోళ్లకు విచ్చలవిడిగా వాడినందువల్లే మనుషులకు ఆఖరి ఆసరాగా మిగిలిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారం కోసం పెంచే జంతువుల్లో వాడకుండా 2019లో మన కేంద్ర ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే, ఎన్ని రోజుల గుడ్లు తినకూడదో అక్కడే అడిగి గోడ మీది క్యాలెండరులో రాసుకోండి. కాల్షియం మాత్రమే ఇచ్చిన పెట్ట గుడ్లు తినడానికి అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఈ పరిస్థితి ఎందుకు వచ్చిందో చూద్దాం. మీ పెట్ట పోయిన వారమే తన ఇబ్బంది మీకు చెప్పింది. ఒక గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెట్ట రక్తంలో ఏ క్షణంలోనైనా ఉండేది దానిలో చాలా చిన్న వంతు. మిగతాది మేత నుంచి రావాలి, మేతలో లేకపోతే ఎముకల నుంచి రావాలి. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో నూటికి మూడున్నర నుంచి నాలుగు వంతులు కాల్షియం ఉండేలా కలుపుతారు. నూకల్లో, అన్నంలో అది లేనట్లే. తవుడులో భాస్వరం దండిగా ఉండి కాల్షియం కొరవడుతుంది. నాటు పెట్ట ఏడాదికి 60, 80 గుడ్లు పెట్టి, మధ్యలో పొదుగుకు కూర్చుని తేరుకుంటుంది. పెరటి పెంపకం కోసం రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో రూపొందించిన గ్రామప్రియ దానికి రెండింతలు పెడుతుంది, పైగా గుడ్డు పెద్దది. మీరు దానికి వేస్తున్నది నాటుకోడి మేత. పెరట్లో ఏరుకునే పురుగు, ఆకు వల్ల కొన్ని నెలలు నెట్టుకొచ్చి, ఎముకల్లోని నిల్వ తరిగాక తోలు గుడ్లు మొదలయ్యాయి. దీనికి ఎండలు తోడయ్యాయి. కోడి రొప్పినప్పుడు ఊపిరితో పాటు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, పెంకుకు కావలసిన ముడిసరుకు రక్తంలో తగ్గుతుంది. అందుకే మే నెలలో మంచి మేత తినే కోళ్లు కూడా పలచటి పెంకు పెడతాయి.

ఇకనుంచి పెట్టలకు సగం మేతగానైనా గుడ్ల కోళ్ల దాణా వేయండి. ఆల్చిప్పలు, నత్తగుల్లలు మీ వైపు చేపల చెరువుల దగ్గర, కాలువ గట్ల మీద దొరుకుతాయి. వాటిని కడిగి, ఎండబెట్టి, కందిగింజ పరిమాణంలో పగలగొట్టండి. మెత్తటి పిండి చేయకండి. పెంకు రాత్రి పూట కడుతుంది, అప్పుడు పెట్ట మేత తినదు. ముతక గుల్ల అయితే కందనకాయలో నిలిచి తెల్లవార్లూ కొద్దికొద్దిగా కరుగుతుంది. సాయంత్రం మేతతో పాటు విడి చిప్పలో పెడితే గుడ్డు పెట్టవలసిన పెట్టలు తమంతట తామే వచ్చి ఏరుకుంటాయి. ఈ గుల్లను అందరి దాణాలో కలపవద్దు, ఎందుకంటే ఎక్కువైన కాల్షియం పుంజుల, పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మిగిలిన అన్నం తగ్గించండి. కొవ్వు పట్టిన పెట్టకు గుడ్డు దారి ఇరుకవుతుంది.

రాత్రంతా వెలిగే ఆ బల్బును ఆపేయండి. కోడి గుడ్లకు రావడాన్ని నడిపించేది వెలుతురు. పగలూ రాత్రీ తెలియకుండా వెలుగులో ఉన్న పెట్టకు విరామం ఉండదు, ఉన్న కాల్షియం అంతా పెంకులకే పోతుంది. బల్బు ఖర్చుతో గూటికి అర అంగుళం కన్నాల ఇనుప మెష్, గట్టి గడియ పెట్టించుకుంటే ముంగిస చొరబడలేదు. జబ్బు పెట్టను మాత్రం కోలుకున్నాక కూడా వారం పది రోజులు రోజుకు 8 గంటలే వెలుతురులో ఉంచి, మిగతా సమయం గాలి ఆడే గోనెపట్టా కప్పిన గంప కింద ఉంచండి. గుడ్లు ఆగి ఒళ్లు నిలదొక్కుకుంటుంది.

నిరుడు చనిపోయిన పెట్ట సంగతి చదివి బాధ కలిగింది, అది కూడా ఈ కుదురు నుంచే వచ్చింది. ముక్కి ముక్కి అండవాహిక చివరి భాగం బయటికి జారుతుంది. ఎర్రటి రంగు కనబడితే మిగతా కోళ్లు పొడవకుండా ఉండలేవు. అలాంటిది మళ్లీ కనిపిస్తే ముందు ఆ పెట్టను విడిగా పెట్టండి. కాచి చల్లార్చిన ఉప్పునీటితో, లీటరుకు 9 గ్రాముల ఉప్పు చొప్పున, ఆ కండను కడిగి, వాచి ఉంటే మెత్తటి పంచదార పొడి అద్ది పది నిమిషాలు ఆగండి. పంచదార నీటిని లాగేసి వాపు తగ్గిస్తుంది. మళ్లీ కడిగి, పారాఫిన్ రాసిన వేలితో చుట్టూ నుంచి మధ్యకు నెమ్మదిగా లోపలికి నెట్టి, నిమిషం పాటు అరచేత్తో ఆపి ఉంచండి. ఆ లోపల గుడ్డు ఉన్నా, కండ నల్లబడినా, రెండోసారి జారినా మీరు చేయగలిగిందేమీ లేదు, డాక్టరు దగ్గరికి వెళ్లవలసిందే.

ఒక్క పెట్టకే ఇలా అయితే అది ఆ పెట్ట ఒంటి సంగతి. మిగతా పెట్టలు కూడా ఒకేసారి తోలు గుడ్లు, ముడతల గుడ్లు పెట్టడం మొదలుపెడితే, ముక్కులు కారుతున్నా, పచ్చగా పారుతున్నా, కొక్కెర తెగులు (రానిఖెట్) టీకాలు ఎప్పుడు వేయించారో చూసుకుని డాక్టరుకు కబురు చేయండి. కోళ్లు వరసగా హఠాత్తుగా చనిపోతే చేత్తో ముట్టుకోవద్దు, కోయవద్దు, పారేయవద్దు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

గుడ్డు బయటపడ్డాక పెట్ట ఆ పూటే నీళ్లు తాగుతుంది, మర్నాటికి మేత ముడుతుంది. ఆ గుడ్డును పారేయకుండా పెంకు చూడండి. ఇసుకలా గరుకుగా ఉందా, ఒకవైపు పలచబడిందా, రక్తపు చార ఉందా అన్నది డాక్టరుకు పనికొస్తుంది. మళ్లీ గుడ్లకు వచ్చాక మొదటి పది గుడ్లకు తేదీ రాసి పెట్టుకోండి. వరసగా పది గుడ్లూ గట్టి పెంకుతో వచ్చేదాకా వాటిని పొదుగుకు పెట్టవద్దు.